ప్లూటో గేటు దాటకూడదు

30 అక్టోబరు 1995, సోమవారం

ఈ రోజు స్టాఫ్ మీటింగులో నా కుడి చెయ్యి దానంతట అదే లేచింది.

ప్రిన్సిపాల్ డైసీ మేడమ్ అడిగింది ఒకే ఒక్క మాట. "మీలో కంప్యూటర్ ఎవరికొచ్చు?" అంతే, చెయ్యి పైన ఉంది. రెండేళ్ల కిందట రాయపూర్‌లో పది రోజుల ట్రైనింగుకి వెళ్లింది నేనే కదా. అందులో నాలుగు రోజులు కరెంటు లేదు. రెండు రోజులు కుమ్హారిలో పిన్ని కూతురి పెళ్లి. మిగిలిన నాలుగు రోజులూ శ్రద్ధగానే నేర్చుకున్నాను, నోటుబుక్కు కూడా ఉంది. కాబట్టి వచ్చు అనడం అబద్ధం కాదు. నాలుగు రోజుల మేరకు వచ్చు.

ఇది ఎవరూ చదవరు కాబట్టి అసలు సంగతి రాస్తాను. బడి మొత్తంలో ఏసీ ఉన్నది కంప్యూటర్ గదికే. పదహారేళ్లుగా సైన్సు చెబుతూ ఏప్రిల్ నెలల్లో ఉడికిపోయాను. ఇక చాలు.

నా తర్వాత అరక్షణానికి లెక్కల మాస్టారు శ్యామసుందర్ చెయ్యి లేచింది. రోజూ చరోదా నుంచి స్కూటర్ మీద వచ్చినా ఆయన చొక్కా నలగదు. డైసీ మేడమ్ ఇద్దరినీ చూసి తేల్చేసింది. డిసెంబరు రెండున ఎగ్జిబిషన్. స్టీలు ప్లాంటు నుంచి పెద్దాఫీసరు వస్తారు. ఎనిమిదో తరగతి పిల్లలు సూర్యకుటుంబాన్ని సరైన కొలతలతో కంప్యూటర్ మీద లెక్క కట్టి గ్రౌండులో పరచాలి. బాగా జరిగితే జనవరి నుంచి గది తాళం నాది, ఇన్‌చార్జి నేను. లేకపోతే శ్యామసుందర్ మాస్టారు.

ఆయన నవ్వారు. నేనూ నవ్వాను. ఎవరి పళ్లు ఎక్కువ కనిపించాయో చెప్పలేను.

2 నవంబరు, గురువారం

అయిదు మెషీన్లు, నలభై మంది పిల్లలు, గుమ్మం బయట ఎనభై బూట్లు. దుమ్ము వెళితే కంప్యూటర్‌కి జబ్బు చేస్తుందట.

ఇంట్లో చెబితే మా అత్తగారు సింహాచలమ్మ గారు విని, "సెప్పులిప్పి ఎల్లడానికి అదేటి గుడేటి సత్తెమ్మా? లోపల దేవుడున్నాడేటి?" అన్నారు.

ఉన్నాడు అత్తమ్మా, ఒక్క కామా తప్పు పడినా వరం ఇవ్వడు అన్నాను.

"ఉట్టికెగరలేనమ్మ సొర్గానికెగిరిందంట," అని ఆవిడ చిక్కుడుకాయలు తుంచుకున్నారు.

6 నవంబరు, సోమవారం

లూపు చెప్పాను. నోటుబుక్కులో ఉన్నది నాకే అర్థం కాలేదు, పిల్లలకేం చెబుతాను? చివరికి షిఫ్టులతో చెప్పాను. మీ నాన్న ఎ షిఫ్టు, తర్వాత బి, తర్వాత సి, మళ్లీ ఎ. రిటైరయ్యేదాకా అదే తిరగడం. అదే లూపు. ఆపమని రాయకపోతే ఆగదు. నలభై మందికీ ఒక్కసారిగా తెలిసిపోయింది. వెనక బెంచీ నుంచి ఏంజెలా లేచి, "మేడమ్, వీక్లీ ఆఫ్ ఏ లైనులో రాయాలి?" అని అడిగింది. ఈ పిల్ల నాన్న రాబర్ట్ ప్లాంటులో వెల్డరు. దీనికి ప్రశ్న తప్ప వేరే మాట రాదు.

తొమ్మిది గ్రహాలు, తొమ్మిది చుట్ల లూపు. పరిగెత్తింది. నేను కూడా కాస్త ఆశ్చర్యపోయాను, పైకి తెలియనివ్వలేదు.

8 నవంబరు, బుధవారం

ఈ రోజు నిజంగా సంతోషంగా ఉంది.

ప్రోగ్రాం ముందుగా సూర్యుడు ఎంత ఉండాలని అడుగుతుంది. మనం ఒక కొలత ఇస్తే మిగతా గ్రహాలన్నిటినీ అదే కొలతకి కుదించి చెబుతుంది. పిల్లలు లడ్డూ ఇచ్చారు, భూమి కంటికి ఆనలేదు. వాటర్ ట్యాంకు ఇచ్చారు, బృహస్పతిని మొయ్యడానికి క్రేను కావాలి. ఎవరో సైకిల్ చక్రం అన్నారు. డెబ్బై ఒక్క సెంటీమీటర్లు. భూమి ఆరున్నర మిల్లీమీటర్లని వచ్చింది. అది విని ఏంజెలా అరిచింది, "మేడమ్, ఛర్రా!" అదే చక్రం హబ్బులో తిరిగే ఉక్కు గుండు. ఏడో ఎనిమిదో కాదు, సరిగ్గా అంతే! చక్రం సూర్యుడైతే, దాని కడుపులోనే భూమి ఉంది. శుక్రుడికి ఇంకో గుండు. క్రికెట్ బంతి బృహస్పతి. బుధుడు ఆవగింజ, ప్లూటో గసగసాల గింజ.

చక్రం మా ఆయన సైకిల్‌దే. వెనక చక్రం. క్వార్టరు బడి వెనకే కాబట్టి పిల్లలు ఐదు నిమిషాల్లో ఊడదీసుకుపోయారు. మా ఆయన అప్పలకొండ గారు ఎ షిఫ్టు దిగి, ఎవరి బండి మీదో వచ్చి, ఇంట్లో మూడొంతుల సైకిల్‌ని చూసి నిలబడిపోయారు.

"సత్యా, ఇదేటి?"

"సూర్యుడండీ. మూడు వారాలే."

"మరి నేను దూటీకి?"

నడవడం గుండెకు మంచిదని సైన్సులో ఉంది, చెప్పాను.

10 నవంబరు, శుక్రవారం

మెషీన్‌లో ఏదో లోపం ఉంది.

దూరాల లెక్క వేయించాను. చక్రం నుంచి ప్లూటో 3012 మీటర్లట. పుస్తకంలో దూరాలు మిలియన్ కిలోమీటర్లలో ఉన్నాయి. నలభయ్యో లైనులో మిలియన్ అంటే ఎంతో రాశాం: 1000000. మూడు కిలోమీటర్లు ఏమిటి? గ్రౌండులో స్టేజీ నుంచి వెనక గేటు దాకా కొలిపిస్తే మూడు వందల పది మీటర్లు.

డైసీ మేడమ్‌కి అంతకుముందే చెప్పి కూర్చున్నాను, గ్రౌండులో సరిపోతుందని. ఆమె ఆఫీసరు గారి చేత ప్లూటో దగ్గర రిబ్బను కోయించాలని ఏర్పాట్లు మొదలుపెట్టింది. "చూడండి సత్యవాణి గారూ, మీరేం చేస్తారో నాకు తెలియదు. ప్లూటో గేటు దాటకూడదు," అంది.

సరే మేడమ్ అన్నాను.

11 నవంబరు, శనివారం

భోజనాల దగ్గర మా ఆయన్ని అడిగాను. ఏడాదికి ఇన్ని మిలియన్ టన్నులని పొద్దున లేస్తే అనే మనిషి, ఆయనకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది? "ఏమండీ, మిలియన్ అంటే లక్షే కదా?" అన్నాను.

"ఊఁ," అన్నారు. అప్పటికి కళ్లు మూతలు పడుతున్నాయి.

అదీ సంగతి. లక్ష.

13 నవంబరు, సోమవారం

నలభయ్యో లైనులో ఒక సున్నా తీసేశాను. ప్లూటో 301 మీటర్లకు వచ్చి గేటుకి తొమ్మిది మీటర్లు ఇవతల ఆగింది. ఎంత బాగా ఆగింది! ఇంత చక్కగా కుదిరిన లెక్క తప్పెలా అవుతుంది?

శ్యామసుందర్ మాస్టారు చూడడానికి వచ్చారు, బూట్లు విప్పి మరీ. ప్రింటు తీసిన కాగితం ఒక కాపీ అడిగి తీసుకున్నారు. కింద తేదీ వేసుకున్నారు, అన్నిటికీ తేదీ వేసే అలవాటు మనిషిది. చాలాసేపు చూసి, "లెక్క బాగుందండీ," అన్నారు.

లెక్కల మాస్టారే బాగుందన్నాక ఇంకేం కావాలి?

16 నవంబరు

ఈ రోజు విశేషం ఏమీ లేదు. సున్నా గురించి ఆలోచించలేదు.

18 నవంబరు

ఈ రోజు కూడా ఆలోచించలేదు. మిలియన్ అంటే లక్ష అని మా ఆయన స్పష్టంగా చెప్పారు.

22 నవంబరు, బుధవారం

పిల్లల్ని గ్రౌండులోకి తీసుకెళ్లి రిహార్సల్ చేయించాను. స్టేజీ మీద చక్రం. ఏడున్నర మీటర్ల దూరంలో భూమి, అంటే ఉక్కు గుండు పట్టుకున్న ఏంజెలా. అందరూ బొమ్మల్లా నిలబడ్డారు, ఈ పిల్ల మాత్రం ఒక చెయ్యి చాచి, ఒక కన్ను మూసి, వేళ్లతో సూర్యుడికి అడ్డం పెడుతోంది.

"ఏం చేస్తున్నావ్?"

"మేడమ్, పోయిన నెల గ్రహణ్ రోజు పప్పా వెల్డింగ్ అద్దం ఇచ్చారు కదా. చేయి చాపి చూశా. అసలు సూర్యుడు నా చిటికెన వేలి గోరులో ఆధా. ఇక్కడ చూడండి, నాలుగు వేళ్లు పెట్టినా బయటికి వచ్చేస్తున్నాడు. మనం భూమి మీదే కదా ఉన్నాం? మరి ఇంత పెద్దగా ఎందుకున్నాడు?"

దగ్గరగా చూస్తే అన్నీ పెద్దగానే ఉంటాయి, వరసలో నిలబడు అన్నాను.

గ్రహణం రోజు మా అత్తగారు అందర్నీ గదిలో పెట్టి తలుపేశారు. నేను సూర్యుణ్ణి చూడలేదు. సైన్సు టీచర్ని, చూడలేదు. ఆ పిల్ల చూసింది.

23 నవంబరు

ఒక సున్నా ఎంత? ఏమీ కాదు. చిన్నప్పటి నుంచి నేర్పుతున్నది అదే కదా.

మా ఆయన చాలా స్పష్టంగా, రెండుసార్లు చెప్పారు.

27 నవంబరు, సోమవారం

బడి వదిలాక అద్దం తెమ్మని ఏంజెలాకి నేనే చెప్పాను. ఊరికే.

సాయంత్రం కొలిమి పొగ మీద సూర్యుడు ఎర్రగా దిగుతున్నాడు. వెల్డింగ్ అద్దం కళ్ల ముందు పెట్టుకుని చేయి చాపాను. గోరులో సగం. పిల్ల చెప్పింది చెప్పినట్టే. తర్వాత స్టేజీ మీద చక్రాన్ని చూస్తూ ఇద్దరం వెనక్కి వెనక్కి నడిచాం. నాలుగు వేళ్లు మూడయ్యాయి, రెండయ్యాయి. చెట్లు దాటాం, కుళాయి దాటాం. చక్రం గోరులో సగానికి వచ్చిన చోట ఏంజెలా ఆగింది. టేపు పెట్టి కొలిచింది.

"మేడమ్, ఛియత్తర్ మీటర్. డెబ్బై ఆరు. మనది సాడే సాత్, ఏడున్నర కదా. దస్ గుణా, పది రెట్లు తప్పు." ఆనందంగా గంతేసింది. "ఎవరు తప్పు రాశారు మేడమ్?"

గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకున్నట్టు నా చెయ్యి జడ సర్దుకుంది. రేపు చూద్దాంలే, ఇంటికి వెళ్లు అన్నాను.

రేపు చూడను. ఆహ్వానం కార్డులు అచ్చయిపోయాయి. గేటు దగ్గర షామియానా గుంటలు తవ్వేశారు.

30 నవంబరు

ఏంజెలా ఈ రోజు ప్రశ్న అడగలేదు. అడిగితే బాగుండేది.

1 డిసెంబరు, శుక్రవారం

రేపటికి అంతా సిద్ధం. నేను ఏదీ మార్చడం లేదు.

గసగసాలు ఇంకో పొట్లం కొన్నాను. కూరలోకి. మా బడి నుంచి ప్లాంటు మెయిన్ గేటు సైకిల్ స్టాండు ఎంత దూరం అని మా ఆయన్ని అడిగాను. ఊరికే అడిగాను. "మూడు కిలోమీటర్లు. ఈ మూడు వారాలూ నా కాళ్లడుగు," అన్నారు.

శ్యామసుందర్ మాస్టారి జేబులో మడత పెట్టిన కాగితం కనిపించింది. మన ప్రింటు కాగితమే. నలభయ్యో లైను కింద ఎర్ర గీత. ఈయనకి మొదటి రోజే తెలుసు. రేపు ఆఫీసరు గారి ముందు విప్పుతారు. ఆ గది, ఆ ఏసీ, ఆ తాళం, అన్నీ ఆ మడతలో ఉన్నాయి. భయంగా ఉంది. కోపంగా కూడా ఉంది, కానీ ఎవరి మీదో తెలియడం లేదు.

2 డిసెంబరు, శనివారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొద్దున అయిదింటికి మా ఆయన డ్యూటీకి బయల్దేరుతుంటే నల్ల కాగితం మీద గసగసాల గింజ ఒకటి పెట్టి అగ్గిపెట్టెలో ఇచ్చాను. రెండింటికి షిఫ్టు దిగాక సైకిల్ స్టాండు దగ్గర ఇది పట్టుకుని నిలబడండి, అడిగిన వాళ్లకి ప్లూటో అని చెప్పండి, నేను వచ్చేదాకా కదలకండి అన్నాను.

"నానేం తప్పు సేసాను?" అన్నారు. పాపం, నిజంగానే అడిగారు.

మా అత్తగారు గుమ్మంలోంచి, "సక్రం లాగేసుకుంది, ఇప్పుడు మనిషినే రోడ్డు మీద నిలబెట్టెత్తంది. ఎల్లరా నాయినా, పెల్లాం సెప్పిన కాడ నిలబడు," అన్నారు.

మూడింటికి ఆఫీసరు గారు వచ్చారు. కంప్యూటర్ గది బయట బూట్లు విప్పారు. ఎడమ మేజోడు బొటనవేలి దగ్గర చిరిగి ఉంది. అది చూశాక నాకు కాస్త ధైర్యం వచ్చింది, ఎందుకో తెలియదు. వెనకాల డైసీ మేడమ్, ఆమె వెనకాల శ్యామసుందర్ మాస్టారు, చెయ్యి జేబులో.

ఏంజెలా మెషీను ముందు కూర్చుంది. ఆఫీసరు గారు మీట నొక్కబోతుంటే నా నోరు దానంతట అదే తెరుచుకుంది.

"సార్, ఒక్క నిమిషం. మిలియన్ అంటే ఎంత సార్?"

ముప్ఫై ఏళ్లుగా మిలియన్ టన్నుల్లో మాట్లాడిన మనిషి. నవ్వబోయి ఆగారు. పక్కనున్న సెక్రటరీ వైపు చూశారు. సెక్రటరీ ఏసీ వైపు చూశాడు.

"దస్ లాఖ్," అంది ఏంజెలా, తెర మీంచి కళ్లు తిప్పకుండా.

"మరి నలభయ్యో లైనులో ఎంతుంది?"

"ఏక్ లాఖ్."

"ఆ సున్నా తీసింది నేనే సార్. ప్లూటో గేటు దాటిపోతుందని తీశాను. ఏంజెలా, పెట్టెయ్."

పిల్ల ఒక్క వేలితో ఒక్క సున్నా కొట్టింది. తెర మీద తొమ్మిది సంఖ్యలు ఒకదాని కింద ఒకటి దిగాయి. చివరిది 3012. డైసీ మేడమ్ ముఖం చూసే ధైర్యం నాకు లేదు. శ్యామసుందర్ మాస్టారి చెయ్యి జేబులోంచి సగం బయటికి వచ్చి అక్కడే ఆగిపోయింది. ఎంత కష్టపడి మడత పెట్టుకున్నారో!

ఆఫీసరు గారు హిందీలో అడిగారు, అయితే ప్లూటో ఎక్కడుందని.

"మెయిన్ గేటు సైకిల్ స్టాండు దగ్గర సార్. మా ఆయన పట్టుకుని నిలబడ్డారు."

నవ్వారాయన. గట్టిగా నవ్వారు. వాచీ చూసుకుని, అంత దూరం వెళ్లే టైము లేదన్నారు. వెనక గేటు దగ్గర షామియానా కింద రిబ్బను కోసి, టీ తాగి వెళ్లిపోయారు. కొత్త లెక్క ప్రకారం ఆ చోటు అంగారకుడికీ బృహస్పతికీ మధ్య. అక్కడ ఏమీ లేదు. ఏమీ లేని చోట రిబ్బను కోశారు, అందరం చప్పట్లు కొట్టాం.

డైసీ మేడమ్ ఒక్క మాటే అంది. "సోమవారం మాట్లాడదాం."

పిల్లలు చక్రాన్ని స్టేజీ మీంచి దించుతుంటే మా ఆయన గుర్తొచ్చారు. అయిదు దాటింది. చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని మూడు కిలోమీటర్లూ నడిచాను. ఈ దూరం కాగితం మీద నాలుగంకెలు. కాళ్లకి తెలుస్తోంది, మూడు వారాలుగా ఈయన ఏం నడిచారో.

స్టాండు పక్కన నిలబడే ఉన్నారు. రెండు చేతులతో నల్ల కాగితం పట్టుకుని, హారతి పళ్లెం పట్టుకున్నట్టు. నన్ను చూసి కదలలేదు, కదలొద్దన్నాను కదా.

"ఏటి, ఇప్పుడా రావడం? జెనరల్ షిఫ్టంతా నన్ను సూసే ఎల్లింది. ఏటి బావా, ఎవుడైనా శిచ్చ ఏసీసాడేటని ఒకడు. ప్లూటో అన్నాను. వంద మందికి సెప్పాను. మీ బడికి ఎంతమందొచ్చారు?"

"ముప్ఫై మంది."

"మరదీ!" అన్నారు. తర్వాత గొంతు తగ్గించి, "సత్యా, మొన్న మిలియనంటే లచ్చేనా అనడిగినావు. నాకు నిద్దరొస్తంది, ఊఁ అన్నాను. నీకు తెలీదేటి?"

ఆ ఊఁ కూడా పప్పు బాగుందని అన్నారేమో. ఆయన ఏమీ చెప్పలేదు. స్పష్టంగానూ చెప్పలేదు, రెండుసార్లూ చెప్పలేదు. నోటుబుక్కు మూడో పేజీలో నా చేతిరాతతోనే ఉంది, మిలియన్ అంటే పది లక్షలని. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు మూడు వారాలు ఆ పేజీ తెరవలేదు.

"తెలుసు," అన్నాను. సిగ్గుతో చచ్చిపోయాను.

ఆయన తల ఊపారు. తర్వాత కాగితం నా ముందు పెట్టారు. దాని మీద ఏమీ లేదు.

"మూడింటికే గాలికెగిరిపోనాది. నువ్వొచ్చీదాకా ఉండమన్నావు గదా, ఉన్నాను. వందమందికీ ఉత్తి కాగితమే సూపించాను. ఒక్కడైనా లేదన్లేదు. అవునొరే, కనిపిస్తందిరా అన్నారు అందరూను."

రోడ్డు మీదే నవ్వొచ్చింది. కళ్లలో నీళ్లు కూడా వచ్చాయి. ఇద్దరం నడిచి ఇంటికొచ్చాం.

4 డిసెంబరు, సోమవారం

డైసీ మేడమ్ మా ఇద్దర్నీ పిలిచింది. నేను నోరెత్తకముందే శ్యామసుందర్ మాస్టారు కాగితం విప్పి బల్ల మీద పెట్టారు. "మేడమ్, ఈ తప్పు నేను పదమూడో తారీకునే పట్టుకున్నాను. చూడండి, తేదీ కూడా వేశాను."

మేడమ్ తేదీ చూసింది. క్యాలెండర్ చూసింది. "అంటే మూడు వారాలు తెలిసి ఊరుకున్నారన్నమాట. పిల్లలు తప్పు నేర్చుకుంటుంటే చూస్తూ కూర్చున్నారు."

మాస్టారు కాగితాన్ని మళ్లీ మడవడం మొదలుపెట్టారు.

"ఇద్దరూ ఇద్దరే," అంది మేడమ్. "కాకపోతే ఈవిడ చివరికైనా నోరు తెరిచింది." సొరుగులోంచి తాళం తీసి నా వైపు తోసింది. "ఆ నలభయ్యో లైను పెద్ద అక్షరాలతో రాసి గదిలో అంటించండి. మీ పేరు కూడా రాయండి కింద. ముందు ఆ చక్రం మీ ఆయనకిచ్చెయ్యండి, తల్లీ, బజారులో మనిషిని చూస్తే జాలేస్తోంది."

ఏంజెలాకి చెప్పాను, తప్పు రాసింది నేనేనని. "మాలూమ్ థా మేడమ్," అంది. ముందే తెలుసట. నేను చెప్తానని చూస్తోందట.

5 డిసెంబరు

చక్రం బిగించారు. ఈ రోజు సైకిల్ మీదే డ్యూటీకి వెళ్లారు. సాయంత్రం వచ్చి, "తిరుగుతున్నాది గాని లోపలేదో టకటకమంతంది సత్యా, సూడు," అన్నారు.

హబ్బులో ఒక గుండు తక్కువ. శుక్రుడు తిరిగొచ్చాడు. భూమి రాలేదు. అది ఏంజెలా జామెట్రీ బాక్సులో ఉంది, ఈ రోజు చూశాను. నన్ను చూసి మూత వేసింది.

అడగలేదు. రేపు అడుగుతాను.

"కొత్తగా బిగించారు కదండీ, రెండు రోజుల్లో సర్దుకుంటుంది," అన్నాను.

"ఊఁ," అన్నారు.